వృద్ధుల్లో ఊపిరితిత్తి క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాతి చిక్కులు

క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని పూర్తిగా గానీ, కొంత మేరకు గానీ తొలగించాక పెద్ద వయసు రోగుల్లో శ్వాసవ్యవస్థకు, గుండెకు, మెదడుకు తలెత్తే సమస్యలివి. వైద్య రచనల్లో సాధారణంగా 70 ఏళ్లు దాటినవారిని ఈ కోవలో చేరుస్తారు.

తొలి దశ

1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహం 48 ఏళ్ల వైద్యుడొకరి ఎడమ ఊపిరితిత్తిని ఒకే విడతలో మొత్తంగా తీసివేశాడు. ఖాళీ అయిన చోటును కుదించడానికి కొన్ని పక్కటెముకలనూ తొలగించాడు. 1957లో గ్రాహం ఊపిరితిత్తి క్యాన్సర్‌తోనే మరణించే నాటికి ఆ రోగి జీవించే ఉన్నాడు. ఆ కాలపు సర్జన్లను ఎక్కువగా భయపెట్టినవి ఛాతీలో చీము పట్టడం, కుట్టిన శ్వాసనాళం మొదలు విచ్చుకోవడం. 1950ల నుంచి ఊపిరితిత్తి మొత్తాన్ని కాక, కణితి ఉన్న లోబ్‌ను (ఊపిరితిత్తిలోని ఒక పెద్ద భాగాన్ని) మాత్రమే తీసే లోబెక్టమీ వ్యాప్తిలోకి వచ్చింది.

వయసు, మరణాల రేటు

ఉత్తర అమెరికాలో జరిగిన 2,220 శస్త్రచికిత్సల ఫలితాలను రాబర్ట్ గిన్స్‌బర్గ్ బృందం 1983లో ప్రచురించింది. 30 రోజుల్లోపు మరణాలు మొత్తంమీద 3.7 శాతం. 60 ఏళ్ల లోపువారిలో 1.3, 60–69 మధ్య 4.1, 70 దాటినవారిలో 7.1 శాతం. ఊపిరితిత్తి మొత్తం తీస్తే 6.2, లోబెక్టమీకి 2.9 శాతం.

ప్రధాన సమస్యలు

వయసు పైబడేకొద్దీ ఛాతీ గోడ బిగుసుకుంటుంది, దగ్గే బలం తగ్గుతుంది. కోత నొప్పికి భయపడి రోగి గట్టిగా దగ్గడు, లోతుగా ఊపిరి తీసుకోడు. కఫం పేరుకుని ఊపిరితిత్తిలో కొంత భాగం ముడుచుకుపోతుంది. అక్కడే న్యుమోనియా మొదలవుతుంది. పొగతాగి ఊపిరితిత్తులు పాడైనవారిలో కోసిన చోటు నుంచి గాలి కారుతూనే ఉంటుంది. దగ్గినప్పుడల్లా, ఆ గాలిని బయటికి పంపేందుకు ఛాతీలో అమర్చిన గొట్టాన్ని కలిపిన సీసాలోని నీటిలో బుడగలు లేస్తాయి. ఇలా గాలి కారడం 5 రోజులు దాటితే దీర్ఘకాలిక లీకేజీ అంటారు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఎక్కువగా రెండు, మూడు రోజులకు కనిపిస్తుంది. మెదడుకు సంబంధించి కొందరిలో తలెత్తే మతిభ్రమ రాత్రిళ్లు ముదురుతుంది. కొందరు తమకు అమర్చిన గొట్టాలను తామే లాగేసుకుంటారు.

తర్వాతి మార్పులు

1990ల తొలినాళ్లలో చిన్న రంధ్రాల గుండా వీడియో సాయంతో చేసే లోబెక్టమీ మొదలైంది. నొప్పి తగ్గడంతో దగ్గడం, నడవడం సులువయ్యాయి. 2 సెంటీమీటర్లకు మించని కణితులపై జపాన్‌లో జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో, లోబ్‌లో ఒక ఖండాన్నే తీయించుకున్నవారి అయిదేళ్ల మనుగడ 94.3 శాతం, లోబెక్టమీ వారిది 91.1 శాతం. అయితే ఖండాన్ని తీసినవారిలో గాలి లీకేజీ, అదే చోట వ్యాధి తిరగబెట్టడం ఎక్కువగా కనిపించాయి.

ప్రస్తుత అంచనా పద్ధతి

నేడు వయసొక్కటే చూసి శస్త్రచికిత్సను నిరాకరించరు. తొలగింపు తర్వాత మిగిలే శ్వాస సామర్థ్యాన్ని ముందే లెక్కగడతారు. గుండె పరిస్థితిని, శరీర బలహీనతను, జ్ఞాపకశక్తిని పరీక్షిస్తారు. మెట్లెక్కించడమూ ఒక పరీక్షే: ఆగకుండా 22 మీటర్లకు మించిన ఎత్తు ఎక్కగలిగినవారికి ముప్పు తక్కువని భావిస్తారు. శస్త్రచికిత్సను తట్టుకోలేనివారికి, తొలి దశ కణితి అయితే, గురిచూసి ఇచ్చే రేడియేషన్ చికిత్సను సూచిస్తారు.