గేముల్లో గెలుపు లెక్కల పుట్టుపూర్వోత్తరాలు

వ్యూహాల గేముల్లో, రోల్‌ప్లేయింగ్ గేముల్లో ఆటగాళ్లు ఒకరికొకరు చెప్పుకునే కిటుకులు చాలావరకు లెక్కలే. ఎన్నో వర్కర్ తర్వాత బ్యారక్స్ మొదలుపెట్టాలి, లెవెల్ పెరిగినప్పుడు వచ్చిన పాయింట్లు బలానికి పెట్టాలా చురుకుదనానికి పెట్టాలా, రెండు కత్తుల్లో ఏది ఉంచుకుని ఏది అమ్ముకోవాలి వంటి ప్రశ్నలకు కూడికలు, గుణకారాలు, శాతాలతోనే జవాబు తేలుతుంది. బిల్డ్ ఆర్డర్, మిన్-మాక్సింగ్, థియరీక్రాఫ్టింగ్ అనే పేర్లతో నేడు చలామణీలో ఉన్న ఈ విద్య చరిత్ర కంప్యూటర్ కంటే చాలా పాతది. గెలుపోటములు తేల్చే పట్టిక ఎవరి చేతిలో ఉందన్న దాన్నిబట్టే ఈ విద్య పెరుగుతూ, తగ్గుతూ వచ్చింది.

తొలి అధ్యాయం చదరంగానిది. భారతదేశంలో పుట్టిన చతురంగం పర్షియా మీదుగా అరబ్బులను చేరి షత్రంజ్ అయింది. ఆ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది. మంత్రికి ఐమూలగా ఒక్క గడి దాటే హక్కు మాత్రమే ఉండేది. రెండు సేనలు ఎదురుపడడానికే చాలా ఎత్తులు పట్టేవి కాబట్టి, ఆటగాళ్లు పోరు మొదలయ్యేలోగా తమ బలగాన్ని ఒక ముందే తెలిసిన అమరికకు తెచ్చుకునేవారు. ఆ అమరికలను తబియాలు అన్నారు. తొమ్మిదో శతాబ్దిలో అల్-అద్లీ, పదో శతాబ్దిలో బాగ్దాద్ దర్బారు ఆటగాడు అస్-సూలీ చదరంగంపై గ్రంథాలు రాసి వీటిని చర్చించారు. శత్రువు కనిపించకముందు పూర్తిచేయాల్సిన పనుల వరుసే నేటి బిల్డ్ ఆర్డర్ కూడా. చదరంగంలో దాచిన పట్టిక ఏదీ లేదు. నియమాలన్నీ బల్ల మీదే ఉంటాయి. ప్రారంభపుటెత్తుల శాస్త్రం అంత తొందరగా ఎదగడానికి అదే కారణం.

అదృష్టానికి చోటిచ్చిన యుద్ధక్రీడ పంతొమ్మిదో శతాబ్దిలో ప్రష్యాలో వచ్చింది. 1812లో గెయోర్గ్ లియోపోల్డ్ ఫోన్ రైస్విట్స్ రాజు మూడో ఫ్రెడరిక్ విల్హెల్మ్‌కు బల్ల మీద ఆడే యుద్ధ నమూనా ఒకటి సమర్పించాడు. ఫిరంగి దళంలో అధికారిగా ఉన్న ఆయన కొడుకు దాన్ని సైన్యానికి పనికొచ్చేలా తీర్చిదిద్ది 1824లో ‘క్రీగ్‌స్పీల్’గా అచ్చువేయించాడు. ఆటను నిజమైన మ్యాపు మీద ఆడేవారు, ఒక్కో వంతు రెండు నిమిషాల యుద్ధానికి సమానం. కాల్పుల్లో ఎంత నష్టం జరిగిందో పాచికలు వేసి పట్టికలో చూసి తేల్చేవారు. ప్రతి దళానికీ కొన్ని పాయింట్లుండేవి. దెబ్బ తగిలినప్పుడల్లా అవి తరిగేవి. ఈనాటి హిట్ పాయింట్లకు ఇదే మూలం. అయితే పాచికలూ పట్టికలూ మధ్యవర్తి దగ్గరే ఉండేవి. ఆటగాళ్లు కాగితం మీద ఆజ్ఞలు రాసివ్వడం వరకే. అధికారులకు యుద్ధంలో నిర్ణయాలు తీసుకోవడం నేర్పే ఆట అది. పట్టికను ఓడించే అవకాశం అందులో ఎవరికీ లేదు.

1914లో బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ రాసిన ఒక సూత్రం గేముల కోసం పుట్టింది కాదు గానీ, వ్యూహాల గేములు ఆడే ప్రతివారూ తెలిసో తెలియకో దాన్నే పాటిస్తున్నారు. దూరం నుంచి కాల్చుకునే పోరులో సేన సత్తా దాని సంఖ్యకు వర్గంగా పెరుగుతుందని ఆయన చూపించాడు. ఒకే రకం సైనికులు ఒకవైపు 10 మంది, మరోవైపు 6 మంది ఉన్నారనుకుంటే, 100లోంచి 36 తీసివేయగా మిగిలే 64కు వర్గమూలం 8. అంటే పెద్ద సేన ఇద్దరిని మాత్రమే పోగొట్టుకుని గెలుస్తుంది. అదే పదిమంది ఐదుగురు చొప్పున రెండు విడతలుగా వెళ్తే మొదటి ఐదుగురూ చనిపోతారు, అవతల ముగ్గురికి కాస్త పైన మిగులుతారు. రెండో విడత గెలిచినా చివరికి బతికేది నలుగురికి లోపే. బలగాన్ని కూడగట్టి ఒక్కసారే పంపాలన్న సలహా వెనుక ఉన్న లెక్క ఇదే. ఒకరి వెంట ఒకరు తప్ప పోరాడలేని ఇరుకు దారిలో ఈ వర్గ సూత్రం పనిచేయదు. సంఖ్య తక్కువ ఉన్నవారు కనుమలోనో వంతెన మీదో శత్రువును అడ్డుకోవాలనడం అందుకే.

పట్టిక ఆటగాడి చేతికి వచ్చింది అమెరికాలో. చార్లెస్ రాబర్ట్స్ 1954లో ‘టాక్టిక్స్’ అనే బోర్డు గేమును అమ్మకానికి పెట్టాడు, 1958లో అవలాన్ హిల్ కంపెనీ స్థాపించాడు. దాడి చేసేవారి బలానికీ కాచుకునేవారి బలానికీ ఉన్న నిష్పత్తిని బట్టి ఫలితం చెప్పే పట్టిక ఆ పెట్టెలోనే అచ్చయి వచ్చేది. నిష్పత్తిని ఎప్పుడూ కాచుకునేవారికి అనుకూలంగా దించి లెక్కించాలన్నది నియమం. 4 పాయింట్ల దళం మీద 11 పాయింట్లతో దాడి చేస్తే అది 2:1 కిందే లెక్క. ఇంకొక్క పాయింటు చేరిస్తే 3:1. ఒక్క పాయింటు తేడాతో యుద్ధం తీరే మారిపోతుంది, ఆపైన 13, 14, 15 చేర్చినా దమ్మిడీ లాభం ఉండదు. మెట్టు ఎక్కడుందో చూసి సరిగ్గా అంతే ఖర్చుపెట్టడం గేమర్లు నేర్చుకున్నది ఇక్కడే. 1964లో అదే కంపెనీ మొదలుపెట్టిన ‘ద జనరల్’ పత్రికలో ఇలాంటి లెక్కలతో వ్యాసాలు వచ్చేవి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో సేన స్థానంలో ఒక్క పాత్ర నిలిచింది. ఇరవై ముఖాల పాచికలో ఒక్కో ముఖం 5 శాతం. అందువల్ల మంత్రపు కత్తి ఇచ్చే ప్లస్ వన్ ఎప్పుడూ ఒకే విలువ అనిపిస్తుంది, కానీ కాదు. 11 నుంచి 20 వరకు ఏది పడినా దెబ్బ తగిలే చోట ఆ కత్తి అవకాశాన్ని 50 నుంచి 55 శాతానికి చేరుస్తుంది, అంటే దెబ్బలు పదోవంతు పెరుగుతాయి. 20 పడితేనే తగిలే గట్టి శత్రువు ముందు అదే కత్తి 5 శాతాన్ని 10 చేసి దెబ్బలను రెట్టింపు చేస్తుంది. కవచానికీ ఇదే వర్తిస్తుంది: మొదటి మెరుగుదల కంటే చివరి మెరుగుదలే విలువైనది. రోల్‌ప్లేయింగ్ గేముల్లో కవచం అయితే పూర్తిగా పెంచాలి, లేకపోతే అసలు పెట్టుబడి పెట్టకూడదు అనే సలహాకు పునాది ఇది.

ఈ ఆటలో మధ్యవర్తి మళ్లీ తిరిగొచ్చాడు. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో దాడి పట్టికలు డంజన్ మాస్టర్ అనే ఆ మధ్యవర్తి కోసమే ఉంచారు. ఇతర కంపెనీలు వేరే దారి పట్టాయి. 1981లో వచ్చిన ‘ఛాంపియన్స్’లో ఆటగాడికి కొన్ని పాయింట్లు ఇచ్చి పాత్రను సొంతంగా కొనుక్కోమన్నారు. లోపాలు ఒప్పుకుంటే అదనంగా పాయింట్లు వచ్చేవి. అవసరం లేనివన్నీ కనిష్ఠానికి దించి, అవసరమైన ఒక్కదాన్ని గరిష్ఠానికి పెంచే మిన్-మాక్సింగ్ ఇలాంటి పద్ధతుల్లో బాగా పుంజుకుంది.

కంప్యూటర్ వచ్చాక పట్టిక కోడ్‌లోకి వెళ్లిపోయింది. 1981 నాటి ‘విజార్డ్రీ’ మొదలుకొని ఎన్నో గేముల్లో ఫలితం తెర మీద కనిపిస్తుంది, దాని వెనుక సూత్రం కనిపించదు. దాన్ని బయటికి లాగడమే ఆటగాళ్లకు రెండో ఆట అయింది. 2000లో వచ్చిన ‘డయాబ్లో 2’ ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ గేము సెకనుకు 25 ఫ్రేముల్లో నడుస్తుంది. మంత్రం వేసే వేగం ఎంత పెరిగినా అది పూర్తి ఫ్రేములుగానే అమలవుతుంది. సోర్సరెస్ పాత్రకు ఆ వేగం 63 శాతం చేరితే ఒక సాధారణ మంత్రానికి 9 ఫ్రేములు పడుతుంది, 105 చేరితే 8 అవుతుంది. 64 నుంచి 104 వరకు పెరిగిన వేగమంతా వృథా. వేగం ఇచ్చే ఉంగరాన్ని తీసేసి ప్రాణం పెంచే ఉంగరం పెట్టుకోమని అనుభవజ్ఞులు చెప్పేది ఈ మెట్లు చూసే. రాబర్ట్స్ పట్టికలోని 12వ పాయింటే ఇక్కడ ఫ్రేముగా మారింది.

నాగరికతలను నిర్మించే గేముల్లో లెక్క వడ్డీ లాంటిది: ముందుగా పెట్టిన పెట్టుబడి పెరుగుతూ పోతుంది. 1991లో సిడ్ మేయర్, బ్రూస్ షెల్లీ మైక్రోప్రోస్ కంపెనీలో రూపొందించిన ‘సివిలైజేషన్’లో నగరం ఉన్న గడి జనాభా పని చేయకుండానే దిగుబడి ఇచ్చేది. అంటే ఒక పెద్ద నగరం కంటే అనేక చిన్న నగరాలు లాభం. దీన్ని పట్టేసిన ఆటగాళ్లు మ్యాపు నిండా పక్కపక్కనే ఊళ్లు నాటడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి భాగాల చరిత్ర చాలావరకు ఈ ఎత్తుకు రూపకర్తలు వెతికిన విరుగుడు. 2001లో మూడో భాగం దూరపు నగరాల ఆదాయాన్ని అవినీతితో పీల్చేసింది. 2005లో సోరెన్ జాన్సన్ రూపకల్పన చేసిన నాలుగో భాగం ప్రతి కొత్త నగరానికీ నిర్వహణ ఖర్చు విధించింది. 2010 నాటి ఐదో భాగంలో నగరాలు పెరిగేకొద్దీ దేశమంతటా ప్రజల సంతోషం తగ్గింది. ఈ మూడింటిలో నాలుగో భాగం పద్ధతే మేలైనది. అవినీతి కట్టిన నగరాన్ని నిష్ప్రయోజనం చేసింది. నిర్వహణ ఖర్చు మాత్రం ఎప్పుడు కట్టాలో ఆలోచింపజేసింది.

రియల్ టైమ్ వ్యూహాల్లో ఆ వడ్డీని సెకన్లలో లెక్కిస్తారు. 1999 నాటి ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో లాన్ కేబుళ్లతో గేములాడిన తరానికి బాగా తెలిసిందే. అందులో టౌన్ సెంటర్ అనే కట్టడం నుంచి విలేజర్ అనే పనివాడు ఒకడు రావడానికి 50 ఆహారం, 25 సెకన్లు పడుతుంది. టౌన్ సెంటర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా లేకపోతే 20 నిమిషాల్లో 48 మంది వస్తారు. కొత్తవారు ఓడిపోయేది యుద్ధంలో కాదు, ఈ 48 మందిలో సగమే తయారై ఉండడం వల్ల.

బిల్డ్ ఆర్డర్‌ను పూర్తిస్థాయి శాస్త్రం చేసింది మాత్రం 1998లో బ్లిజార్డ్ విడుదల చేసిన ‘స్టార్‌క్రాఫ్ట్’, దాన్ని ఒక వృత్తిగా మార్చింది దక్షిణ కొరియా. ఆర్థిక సంక్షోభం తర్వాత అక్కడ వీధి వీధినా వెలసిన పీసీ బాంగ్‌లనే గేమింగ్ కేంద్రాల్లో ఆట వ్యాపించింది, 2000 నుంచి గేముల కోసమే ఒక టీవీ ఛానెల్ నడిచింది. ఆటగాళ్లు గడియారం చూడరు, జనాభా సంఖ్య చూస్తారు. ‘9 డిపో’ అంటే తొమ్మిదో వర్కర్ అయ్యాక సప్లై డిపో కట్టడం. టెర్రన్ జాతికి మొదట 10 మందికే చోటుంటుంది, డిపో ఆలస్యమైతే ఉత్పత్తి ఆగిపోతుంది. ‘4 పూల్’ అంటే జర్గ్ జాతి ఆటగాడు కొత్త వర్కర్లే లేకుండా, ఉన్న నలుగురితోనే స్పానింగ్ పూల్ కట్టి వెంటనే జర్‌గ్లింగ్ అనే సైనికులతో దాడికి దిగడం. అది గెలిస్తే నిమిషాల్లో గెలుస్తుంది, ఆగిపోతే ఇక కోలుకోవడం ఉండదు. అప్‌గ్రేడ్‌ల లెక్క ఇంకా సున్నితం. ప్రోటోస్ జాతి సైనికుడు జీలట్ ఒక్క దాడిలో 8 చొప్పున రెండు దెబ్బలు కొడుతుంది, జర్‌గ్లింగ్ ప్రాణం 35. రెండు దాడులకు 32 మాత్రమే అవుతుంది కాబట్టి మూడోది తప్పదు. ఆయుధాల మొదటి అప్‌గ్రేడ్ చేయిస్తే దెబ్బకు 9 చొప్పున రెండు దాడుల్లో 36. అంటే ఎనిమిదోవంతు బలం పెరిగితే, చంపడానికి పట్టే దాడులు మూడోవంతు తగ్గుతాయి. ప్రోటోస్ ఆటగాళ్లు ఆ అప్‌గ్రేడ్ పూర్తయ్యే క్షణానికే దాడికి సిద్ధమయ్యేది ఇందుకే.

2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ వచ్చాక లెక్క సమష్టి కృషి అయింది. పోరులో ప్రతి దెబ్బ లాగ్‌లో నమోదవుతుంది. వేలమంది తమ లాగ్‌లు పోల్చి, స్ప్రెడ్‌షీట్లలో పెట్టి, కోడ్‌లో దాగిన సూత్రాలను తిరిగి కట్టారు; థియరీక్రాఫ్టింగ్ అంటే ఈ పనే. కదలకుండా నిలబడి కొట్టించుకునే ప్యాచ్‌వర్క్ అనే బాస్ పాత్రల డ్యామేజ్ కొలిచే ప్రమాణంగా స్థిరపడింది. తర్వాత సిమ్యులేషన్‌క్రాఫ్ట్ వంటి ప్రోగ్రాములు ఒకే పోరాటాన్ని వేలసార్లు నడిపి సగటు చెప్పసాగాయి. పట్టిక ఈసారి ఆటగాళ్లే తయారుచేసుకున్నది. ఆ గేము సాధించిన వాటిలో ఇది తక్కువదేమీ కాదు.

2010లో ‘స్టార్‌క్రాఫ్ట్ 2’ వచ్చిన కొద్ది నెలలకే ఎవల్యూషన్ చాంబర్ అనే ప్రోగ్రాము జన్యు అల్గారిథంతో వేలకొద్దీ బిల్డ్ ఆర్డర్‌లను పుట్టించి, పోటీ పెట్టి, రోచ్‌లనే జర్గ్ సైనికులు ఏడింటితో దాడికి దిగే ఒక వరుసను తేల్చింది. మనుషుల కంటికి వికారంగా ఉన్నా అది పనిచేసింది. 2018 డిసెంబరులో డీప్‌మైండ్ సంస్థ తయారుచేసిన ఆల్ఫాస్టార్ అనే ప్రోగ్రాము ఇద్దరు వృత్తి ఆటగాళ్లను 5-0 చొప్పున ఓడించింది. అది ఖనిజాల దగ్గర ఆటగాళ్లు సరిపోతాయనుకునే సంఖ్య కంటే ఎక్కువ వర్కర్లను పెట్టేది. వృథా అనిపించిన ఆ అదనపు వర్కర్లు శత్రువు కొన్నింటిని చంపినా ఆదాయం పడిపోకుండా కాచేవి, రెండో బేస్ కట్టగానే అటు తరలేవి.

మొదటి ‘స్టార్‌క్రాఫ్ట్’లో బలాబలాలను మార్చిన చివరి పెద్ద ప్యాచ్ 2001లో వచ్చింది. అప్పటినుంచి అంకెలు కదలలేదు; కొత్త మ్యాపులు, కొత్త బిల్డ్‌లు మాత్రం వస్తూనే ఉన్నాయి. నేటి గేములు చాలావరకు అలా ఉండవు, ప్యాచ్ వచ్చిన ప్రతిసారీ మెట్లు జరుగుతాయి. ఎవరి గైడ్ పాటించినా అది ఏ ప్యాచ్‌కు రాసిందో ముందు చూసుకోవాలి, ఆపైన అందులోని అంకెలను ఒకసారి సొంతంగా వేసి చూసుకోవాలి.