పప్పులో ప్రొటీన్ ఎంత? అందులో ఒంటికి పట్టేది ఎంత?

బగారా అన్నం పక్కన దాల్చా, పొద్దున నాష్తాకి ఖిచ్డీ, రంజాన్‌లో హలీమ్. తెలుగు ముస్లిం కుటుంబాల దస్తర్‌ఖాన్ మీద ఏదో ఒక రూపంలో పప్పు ఉంటూనే ఉంటుంది. మటన్ కొనడం కష్టమైన వారాల్లో పిల్లలకి ప్రొటీన్ అందేది ఎక్కువగా దీనివల్లే. అయితే పప్పు ప్రొటీన్, మాంసం ప్రొటీన్ ఒక్కటేనా? పప్పు నీళ్లు తాగిస్తే పసిపిల్లలకి బలం వస్తుందా? ప్యాకెట్ల మీద రాసే ‘ప్లాంట్ ప్రొటీన్’ అంటే ఏమిటి? ఆహార శాస్త్రం వీటికి చెప్పే జవాబులు ఇవి.

గింజలో ప్రొటీన్ ఎందుకు ఎక్కువ?

కంది, శనగ, పెసర, మినుము, ఉలవ, మసూర్, బఠాణీ, సోయా, వేరుశనగ అన్నీ ఒకే జాతి మొక్కలు. వీటి వేర్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో ఉండే రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకి అందిస్తుంది. ప్రొటీన్ తయారీకి నత్రజని తప్పనిసరి కాబట్టి ఈ గింజల్లో అది బాగా పోగవుతుంది.

ఎండు పప్పు 100 గ్రాముల్లో సుమారు 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పల్లీల్లో దాదాపు 25 గ్రాములు, సోయాలో 36 గ్రాములకు పైనే. బియ్యంలో 7, 8 గ్రాములకు మించదు. కానీ వండితే పప్పు నీళ్లు పీల్చుకుంటుంది. అందుకే 100 గ్రాముల ఉడికిన గట్టి పప్పులో దొరికేది 7 నుంచి 9 గ్రాములే. పలుచగా చేస్తే ఇంకా తగ్గుతుంది. ప్రొటీన్ చాలావరకు గింజ గుజ్జులోనే ఉంటుంది, పైన తేరిన నీటిలో కాదు. కాబట్టి ఆరు నెలలు దాటిన బిడ్డకి పప్పు కట్టు తాగించి సరిపెట్టుకోకూడదు. మెత్తగా మెదిపిన పప్పు అన్నంలో కలిపి పెట్టాలి.

లెక్క ఒకటి, నాణ్యత ఇంకొకటి

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. వాటిలో తొమ్మిదింటిని శరీరం తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. మాంసం, గుడ్డు, పాలల్లో ఈ తొమ్మిదీ సరిపడా ఉంటాయి. పప్పుల్లో లైసిన్ బాగా ఉంటుంది కానీ మిథియోనిన్ తక్కువ. బియ్యం, గోధుమలది దీనికి ఉల్టా: మిథియోనిన్ ఫర్వాలేదు, లైసిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటును ఇంకొకటి తీరుస్తుంది. మసూర్ పప్పు ఖిచ్డీ, దాల్చాతో బగారా అన్నం, గోధుమలూ పప్పులూ మాంసంతో కలిసి ఉడికే హలీమ్ ఇవన్నీ ఈ లెక్కకి సరిపోయే వంటలే. రెండూ ఒకే ముద్దలో ఉండాలనేం లేదు, ఒకే రోజు తిండిలో ఉంటే చాలు.

నాణ్యత కొలిచేటప్పుడు అమైనో ఆమ్లాలతో పాటు ఎంత జీర్ణమవుతుందో కూడా చూస్తారు. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో డియాస్ అనే కొలతను సిఫారసు చేసింది. చిన్నపేగు చివరికి వచ్చేసరికి ఒక్కో అమైనో ఆమ్లం ఎంత జీర్ణమైందో ఇందులో విడిగా లెక్కిస్తారు.

నానబెట్టడం, ఉడికించడం ఎందుకు?

పచ్చి గింజలో మొక్క తన రక్షణ కోసం దాచుకున్న పదార్థాలు కొన్ని ఉంటాయి. ట్రిప్సిన్ నిరోధకాలు మన జీర్ణరసాన్ని అడ్డుకుంటాయి. బాగా ఉడికిస్తే వాటి పని చాలావరకు పోతుంది. ఫైటేట్ ఇనుమును పట్టేసుకుంటుంది. నానబెట్టి మొలకెత్తిస్తే అది తగ్గుతుంది. గ్యాస్ తెప్పించే రాఫినోజ్ రకం చక్కెరలు కొంతమేర నానిన నీళ్లలోకి దిగిపోతాయి, అందుకే ఆ నీళ్లు పారబోయాలి.

రాజ్మా విషయంలో అశ్రద్ధ పనికిరాదు. అందులోని లెక్టిన్ వల్ల సరిగా ఉడకని కొద్ది గింజలు తిన్నా తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు తీసేసి, కొత్త నీళ్లలో బాగా మరిగించి మెత్తబడేదాకా ఉడికించాలి. మరగని తక్కువ వేడి మీద గంటల తరబడి ఉంచితే చాలదు.

రక్తహీనత ఉన్న ఆడవాళ్లు పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే అందులోని విటమిన్ సి వల్ల ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే అదే ఇనుము పట్టడం తగ్గుతుంది. కొంచెం ఆగి తాగడం మంచిది.

పొడిగా, ముక్కగా మారే తీరు

పప్పు నుంచి ప్రొటీన్‌ను వేరు చేయడం పాలు విరిచి పనీర్ చేసినట్టే ఉంటుంది. పిండిని కాస్త క్షారం కలిపిన నీళ్లలో వేస్తే ప్రొటీన్ కరుగుతుంది. పిండిపదార్థం, పీచు తీసేసి నీళ్లను పులుపు వైపు, అంటే పీహెచ్ 4.5 దగ్గరికి తెస్తే ప్రొటీన్ విరిగి అడుక్కి దిగుతుంది. దాన్ని కడిగి ఆరబెడితే ఐసొలేట్ వస్తుంది. సోయా ఐసొలేట్‌లో 90 శాతానికి పైగా ప్రొటీనే.

మీల్ మేకర్ తయారీ వేరు. నూనె తీసేసిన సోయా పిండిని తడిపి, వేడి మీద, ఒత్తిడితో యంత్రంలోంచి నెడతారు. బయటికి రాగానే అందులోని తేమ ఆవిరై ముక్క ఉబ్బుతుంది, మాంసం లాంటి పీచుతనం వస్తుంది. ఎండు మీల్ మేకర్‌లో దాదాపు సగం ప్రొటీన్.

ఇలాంటి ప్యాకెట్ తిండిలో గింజ మొక్కదే అయినా అతకడానికి గుడ్డు తెల్లసొన, జెలటిన్, ఇతర ఫ్లేవర్లు కలిపే అవకాశం ఉంది. హలాల్ చూసుకునే కుటుంబాలూ, సోయా, పల్లీ అలర్జీ ఉన్నవాళ్లూ లేబుల్ చదివే కొనాలి.

హైదరాబాద్ పాత్ర

1972లో పటాన్‌చెరులో మొదలైన ఇక్రిశాట్ శనగ, కంది, వేరుశనగ మీద పని చేస్తోంది. కంది జన్యుపటాన్ని విప్పిన పరిశోధనకు సారథ్యం వహించింది ఈ సంస్థే. వికారాబాద్ జిల్లా తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు దక్కింది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ‘హైదరాబాద్ మిక్స్’ను రూపొందించింది. బలం తగ్గిన పిల్లల కోసం చేసిన ఈ పొడిలో గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20 గ్రాములు ఉంటాయి. 86 గ్రాముల్లో 330 కేలరీలు, 11.3 గ్రాముల ప్రొటీన్ దొరుకుతాయి. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలోనూ గోధుమ, శనగపప్పు జోడీ ఉంది.

కేసరి పప్పుతో జాగ్రత్త

పప్పుల్లో ఒకటి కాళ్లు పడగొట్టగలదు. కేసరి పప్పునే ప్రధాన ఆహారంగా నెలల తరబడి తింటే లాథిరిజం వస్తుంది. కాళ్లు బిగుసుకుపోతాయి, చాలామందిలో అది తిరిగి బాగుకాదు. దీనికి కారణమైన ఓడాప్ అనే పదార్థాన్ని 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ గుర్తించారు. 1961 నుంచి చాలా రాష్ట్రాల్లో దీని అమ్మకంపై నిషేధం ఉంది. అయినా కందిపప్పులో, శనగపిండిలో కల్తీ చేసే మోసం పోలేదు. కందిపప్పు గుండ్రంగా ఉంటుంది. కేసరి పప్పు బద్ద కోణాలతో, చదరంగా, ఒక పక్క వాలుగా ఉంటుంది. పిండిలో కనిపెట్టడం కష్టం కాబట్టి పప్పు కొని పట్టించుకోవడం మేలు.

రోజుకి ఎంత కావాలి?

ఐసీఎంఆర్ లెక్క ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల మనిషికి అది సుమారు 46 గ్రాములు. తిండిలో ఎక్కువ భాగం అన్నం, రొట్టెలే అయితే కిలోకి 1 గ్రాము చొప్పున చూసుకోవాలి. గుప్పెడు, అంటే 50 గ్రాముల పప్పు వండితే 11 గ్రాముల దాకా వస్తుంది. మిగతాది అన్నం, రొట్టె, పెరుగు, గుడ్డు, చేప, మాంసం నుంచి అందుతుంది. కండలు పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వద్దని 2024 మార్గదర్శకాల్లో జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత పప్పు తినాలో తమ డాక్టర్‌ని అడిగే నిర్ణయించుకోవాలి.