తోలుసంచి లోపలి గుడ్డ

స్త్రీల చరిత్రకు ఆధారాలు వెతికేటప్పుడు మనం సాధారణంగా ఆశ్రయించేవి ఆత్మకథలు, పాత పత్రికలు, ఉత్తరాలు, సభల తీర్మానాలు. సాహిత్యంలో పరిశోధన చేసిన నాలాంటి వాళ్లకి అక్షరం మీద ఉన్న నమ్మకం వస్తువు మీద ఉండదు. కానీ రాయని స్త్రీలు, రాసినా దాచుకోలేని స్త్రీలే ఎక్కువ. వాళ్లు వదిలిపోయినవి పెట్టెలు, చీరలు, గిన్నెలు, అక్కడక్కడా ఒక హ్యాండ్‌బ్యాగు. ఈ మధ్య రాజమండ్రి, కాకినాడ, భీమవరం ఇళ్లలో అటకల మీది పాత తోలు బ్యాగులు కిందికి దిగుతున్నాయి. టీచరుగా చేసిన పెద్దత్తదో, నర్సుగా పనిచేసిన పిన్నమ్మదో. మనవరాళ్లు వాటిని తుడిచి, పాలిష్ పెట్టి, జిప్పు మార్పించి భుజాన వేసుకుంటున్నారు. చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ తుడవడంలో ఏం పోతోంది, ఆ బాగుచేయడంలో ఎవరి చేతులున్నాయి అన్న ప్రశ్నలు నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నాయి.

బ్యాగు రాకముందు మన ఆడవాళ్లు డబ్బు ఎక్కడ దాచారు? కొంగు చివర ముడిలో, రొండిన దోపుకున్న చిన్న సంచిలో, పోపులపెట్టె అడుగున, బియ్యం డబ్బాలో, చీరల మడతల్లో. ఇవన్నీ దాపరికపు జాగాలే. ఆ డబ్బు ఆమె దగ్గర ఉంటుంది కానీ ఆమెది అని ఎవరూ ఒప్పుకోరు. కనబడితే అడుగుతారు, అడిగితే ఇవ్వాలి. హ్యాండ్‌బ్యాగుకున్న విశేషం ఏమిటంటే అది నలుగురికీ కనబడుతూనే లోపల ఏముందో చెప్పదు. యూరప్‌లోనూ కథ కొంచెం ఇలాంటిదే. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా అక్కడి స్త్రీలు గౌను కింద నడుముకి కట్టుకునే జేబుల్లో తమ సొత్తు దాచుకునేవారు. పల్చని, శరీరాన్ని అంటిపెట్టుకునే గౌన్లు వచ్చాక ఆ జేబులకు చోటు లేకపోయింది. అప్పుడు చేతికి తగిలించుకునే చిన్న సంచి వచ్చింది. లోపల ఉండాల్సిన దాన్ని బయట ఊపుకుంటూ తిరుగుతున్నారని దాన్ని చాలా ఎగతాళి చేశారు. ఆడవాళ్ల చేతిలో సంచి ఎక్కడైనా మొదట నవ్వులాటే!

మన దగ్గర నవ్వులాటకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. అది తోలు. మడి ఉన్న ఇంట్లో తోలుకు గడప దాటే అర్హత లేదు. చెప్పులు వీధి అరుగు దగ్గరే ఆగిపోవాలి. అయితే ఈ నిషేధం అన్ని తోళ్లకూ ఒకేలా వర్తించలేదు. జింకతోలు కృష్ణాజినమై వటువు ఒంటి మీదికెక్కింది. మృదంగానికి మూసిన చర్మాన్ని విద్వాంసుడు ఒళ్లో పెట్టుకుని వాయిస్తాడు. ఆ మృదంగాలు చేసే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో ఒక పుస్తకమే రాశాడు. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మల కళాకారుల చేతుల్లో మేకతోలు రాముడూ, సీతా, రావణుడూ అవుతుంది. అంటే అంటరానిది తోలు కాదు. దాన్ని శుభ్రం చేసిన చెయ్యి. పెళ్లిలో పురోహితుడు ఆకాశంలో అరుంధతీ నక్షత్రాన్ని చూపిస్తాడు. అరుంధతి తమ ఆడపడుచు అని మాదిగలు చెప్పుకుంటారు, తమను అరుంధతీయులమని పిలుచుకుంటారు. జాషువా 1941లో గబ్బిలం చేత శివుడికి కబురు పంపించినవాడు కూడా ఆ అరుంధతీసుతుడే. నక్షత్రానికి దండం పెట్టించిన సమాజం ఆమె పిల్లల్ని ఊరి బయట ఉంచింది.

లంద గురించి తెలిసినవాళ్లు మన పాఠకుల్లో కొందరుంటారు. తెలియనివాళ్లకి చెప్పాలి. పచ్చితోలును మొదట సున్నపునీళ్లలో నానబెడతారు. వెంట్రుక ఊడాక గీకి, కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ నానేసిన లందలో ఊరబెడతారు. ఆ రసం తోలు పోగుల్లోకి పూర్తిగా ఇంకడానికి వారాలు పడుతుంది. మధ్యలో ఎన్నోసార్లు తిప్పాలి, రసం మార్చాలి. ఈ పని గురించి రాసేటప్పుడు అందరూ మగవాడి చేతిలోని ఆరెనీ, రంపెనీ మాత్రమే చూపిస్తారు. తంగేడు చెక్క కొట్టి తెచ్చింది, దంచింది, లందకు నీళ్లు మోసింది, ఆ వాసనలోనే వండి పిల్లలకు పెట్టింది ఆడవాళ్లు. కుట్టడం కనబడే పని, ఊరబెట్టడం కనబడని పని. ఇంటిపని విషయంలో మనం ఎప్పటినుంచో చెబుతున్న మాటే ఇది. కానీ మాదిగ స్త్రీ విషయంలో దాన్ని చెప్పడానికి మనకు ఆలస్యమైంది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం మాదిగ అన్న మాటను తలెత్తి పలికించాక, గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో ‘నల్లపొద్దు’ వచ్చింది. ఆ తర్వాత జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి తెచ్చిన ‘నల్లరేగటి సాల్లు’ వచ్చింది. అవి చదివాక మన చేతిలోని బ్యాగును అంతకుముందులా చూడడం కష్టం.

గోదావరి డెల్టాలో ఇంటి బయటి పనికి వెళ్లిన తొలి స్త్రీలలో మిషన్ల ద్వారా వచ్చినవాళ్లది పెద్ద పాత్ర. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డాయి. 1895లో లిడియా వోర్నర్ అనే అమెరికన్ వైద్యురాలు లూథరన్ మిషన్ తరఫున రాజమండ్రికి వచ్చింది. డాక్టర్లు, నర్సులు, బైబిలు స్త్రీలు, ఆడపిల్లల బడి టీచర్లు అందరూ వీధిలో ఒంటరిగా నడిచినవాళ్లే. తోలుసంచి మడి ఇళ్లలోకి మొదట ఏ దారిన వచ్చి ఉంటుంది అని ఆలోచిస్తే నాకు పురిటిగది గుర్తుకొస్తుంది. ఆ గది ఎలాగూ మైలే. పది రోజులు ఎవరూ ముట్టుకోరు. మైల గదిలోకి మైల వస్తువు వచ్చినా అభ్యంతరం చెప్పేవాళ్లుండరు. ఇది నా ఊహ మాత్రమే. కానీ మన శరీరాల్ని మైలగా లెక్కకట్టిన చోటే కొన్ని కట్టుబాట్లు సడలడం మనకు కొత్త కాదు.

జాతీయోద్యమం మాత్రం గుడ్డసంచిని భుజాన వేసింది. 1922లో జైలుకెళ్లిన దువ్వూరి సుబ్బమ్మ కాలంలో ఖద్దరే నిరాడంబరతకు గుర్తు. మన సభలకు వచ్చే స్నేహితుల భుజాన ఇప్పటికీ గుడ్డసంచే ఉంటుంది. అది సంతోషమే. కాకపోతే గుడ్డసంచి పట్టుకుంటే తోలు గురించి ఆలోచించే అవసరం తప్పిపోతుందేమో అని ఒక అనుమానం.

ఇదే డెల్టాలో తోలుకు పక్కనే ఇంకో సంచి పుట్టింది. నర్సాపురం లేసు. మిషనరీ స్త్రీలు నేర్పిన ఈ అల్లిక మొదట పేద క్రైస్తవ స్త్రీల చేతుల్లోకి, అంటే మాల మాదిగ కుటుంబాల్లోకి వచ్చింది. తర్వాత గోషా పాటించే కాపు ఇళ్లలోకి పాకింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఇక్కడే ఉండి అధ్యయనం చేసి 1982లో పుస్తకం ప్రచురించింది. ఇంటిపని అంతా చేస్తూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే స్త్రీలను వ్యాపారులు, ప్రభుత్వం కూడా ఖాళీ సమయంలో కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టారనీ, అందుకే కూలి అంత తక్కువగా నిలిచిపోయిందనీ ఆమె వాదన. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. విదేశాలకు వెళ్లే తెల్లటి లేసు పర్సులు అల్లిన స్త్రీకి ఆ పర్సులో వేసుకునేంత డబ్బు ఏనాడూ రాలేదు. లంద దగ్గరి స్త్రీది అంటరాని శ్రమ, లేసు దగ్గరి స్త్రీది శ్రమే కాని శ్రమ. రెండూ ఒక నేల మీదివే. వీటిని కలిపి చదివిన వ్యాసం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇక బాగుచేయడం సంగతి. ముందు చేతిలో ఉన్నది తోలో కాదో తేల్చుకోవాలి. ఉద్యోగం చేసే మధ్యతరగతి ఆడవాళ్లలో చాలామంది చేతుల్లో ఉన్నది రెగ్జిన్. దాని వెనకవైపు నేత గుడ్డ కనిపిస్తుంది, పైపొర పొలుసులుగా లేస్తుంది. లేచాక చేయగలిగింది లేదు. తోలైతే వెనకవైపు పోగులు నూగులా ఉంటాయి. తోలులోనూ రెండు రకాలు. తంగేడు చెక్కతో ఊరిన తోలు అంచు లోపలిదాకా గోధుమరంగులో ఉంటుంది, నీటిచుక్క పడితే పీల్చుకుని నల్లబడుతుంది. క్రోమ్ తోలు అంచులో తరచూ నీలి బూడిదరంగు ఛాయ తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతి ప్రయోగాలు చేశాడు. వారాల పని రోజుల్లోకి వచ్చింది, లంద ఫ్యాక్టరీలోకి పోయింది. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నాడు. తోలు పని మీదున్న చిన్నచూపు పోవాలని జీవితాంతం చెప్పాడు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో పోయాడు. పరిశ్రమ గౌరవం పెరిగింది. పనివాడి గౌరవం, ముఖ్యంగా పనిమనిషిగా కూడా లెక్కలోకి రాని స్త్రీ గౌరవం అంత పెరగలేదు.

డెల్టాలో తోలుకు ప్రధాన శత్రువు శ్రావణ భాద్రపదాల తేమ. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెడితే తేమ లోపలే చిక్కి తెల్లటి బూజు పడుతుంది. బయటికి తెచ్చి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో దులపాలి. నీడలో గాలికి ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో పెడితే తోలు బిగదీసుకుని పగులుతుంది. తర్వాత ఉతికిన పాత నేత గుడ్డలో చుట్టి దాచాలి. ఆకారం పోకుండా లోపల కూడా గుడ్డలే కుక్కాలి, న్యూస్‌పేపరు వద్దు. దాని ఆమ్లం, సిరా రెండూ లోపలి గుడ్డకు పడతాయి.

మన ఇళ్లలో అందరూ చెప్పే వైద్యం నూనె. కొత్త కిర్రుచెప్పులకు ఆముదం పట్టించడం అనుభవంతో వచ్చిన జ్ఞానమే. అవి మట్టిలో, నీళ్లలో నడిచేవి. యాభై ఏళ్ల బ్యాగుకు ఆముదమో కొబ్బరినూనో పట్టిస్తే నల్లబడుతుంది, దుమ్ము పడుతుంది, బూజుకు మేత దొరుకుతుంది. ఇత్తడి బకిల్స్ చుట్టూ పచ్చగా మైనంలా పేరుకునేది చిలుము. తోలులోని కొవ్వుకూ రాగికీ పడక వచ్చేది. దాన్ని పుల్లతో మెల్లగా తీయాలే తప్ప చింతపండుతో తోమకూడదు. ఆ పులుపు తోలులోకి దిగితే బకిల్ మెరుస్తుంది గానీ దాని కింది పట్టీ పోతుంది. మరీ పాత తోలు ముట్టుకుంటే ఎర్రటి పొడి వేలికి అంటితే అది ముదిరిన జబ్బు. గాలిలోని గంధకపు వాయువులు తోలులో ఆమ్లమై పోగుల్ని తినేశాయని అర్థం. దానికి నీళ్లు, క్రీములు చేటు. మళ్లీ మామూలు తోలు కాదు, ఉన్నదాన్ని రాలకుండా నిలపడమే చేయగలం.

కుట్టు విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. ఊడిన కుట్టును మిషను మీద వేయిస్తే పాత బెజ్జాల పక్కన కొత్త బెజ్జాలు పడి, తోలు పోస్టల్ స్టాంపుల అంచులా చిరుగుతుంది. తేనెమైనం పట్టించిన దారంతో, రెండు సూదులతో, పాత బెజ్జాల్లోంచే చేత్తో కుట్టాలి. ఈ పని షోరూముల్లో దొరకదు. రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చునే మనిషికి తెలుసు. బ్యాగుకు వేలు పెట్టినవాళ్లు అతనికి ఇరవై రూపాయలివ్వడానికి బేరమాడతారు.

అన్నిటికన్నా ముఖ్యం లోపలి గుడ్డ. బాగుచేయించేవాళ్లు మొదట చింపి పారేసేది దాన్నే. చిరిగిందనీ, మరకలున్నాయనీ కొత్త శాటిన్ వేయిస్తారు. ఆ మరకలే చరిత్ర. కారిన పెన్ను సిరా, చిల్లర నాణేల గుండ్రటి అచ్చులు, మూత ఊడిన కుంకుమ భరిణె, ఏ మాత్రో కరిగిన తెల్లటి చార. జీతం అందుకుని భర్తకు అప్పజెప్పే ముందు నాలుగు నోట్లు దాచుకున్న చోటు అని ఒకావిడ తన బ్యాగు పక్క అర చూపించి నవ్వింది. ఆ అర కుట్టు ఆమె స్వయంగా వేసుకున్నది. అంటే కనబడే సంచిలో కూడా మళ్లీ ఒక పోపులపెట్టె. ఇలాంటిది ఏ ఆత్మకథలోనూ నేను చదవలేదు.

మ్యూజియంలలో ఒక వస్తువును బాగుచేస్తే ఏం చేశారో, ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో రాసి దానితో ఉంచుతారు. ఇళ్లలో బాగుచేసే బ్యాగులకూ ఇది పాటిద్దామని ఇద్దరు ముగ్గురు స్నేహితులం అనుకున్నాం. ఒక చిన్న నేతగుడ్డ ముక్క మీద రాసి లోపలి అరలో పెడుతున్నాం. మాకు కుట్టిపెట్టేది భార్యాభర్తలు. బజారులో కూర్చునేది అతను, రాత్రి ఇంట్లో దీపం కింద రెండు సూదులతో కుట్టేది ఆమె. మొదటిసారి పేరు అడిగితే ఆమె భర్త పేరే చెప్పింది. కుట్టింది నువ్వు కదమ్మా అంటే కాసేపు ఆలోచించి, అయితే ఇద్దరివీ రాయమంది.