నవ్విస్తూనే కళ్లు తడిపే రచనలు: మన ఇళ్ల కథలు, ఉర్దూ ఖాకాలు

ఇంట్లో పెద్దవాళ్లు పోతే మూడో రోజు జియారత్‌కు చుట్టాలంతా చేరతారు. ఖురాన్ ఖానీ అయ్యాక ఎవరో ఒకరు పోయినోళ్ల తమాషా మాట ఒకటి గుర్తు చేస్తారు. అందరూ నవ్వుతారు, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటారు. పాత అలంకార శాస్త్రం హాస్యాన్ని, కరుణను విరోధి రసాలంది. మన జీవితం రాసిన కథల్లో, హైదరాబాద్ ఉర్దూ వ్యాసాల్లో మాత్రం ఆ రెండూ ఒకే వాక్యంలో సర్దుకుంటాయి.

నెల్లూరు యాసలో

కావలిలో పుట్టిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ 1999లో పుస్తకంగా వచ్చింది. ఆ తర్వాత ‘పోలేరమ్మబండ కతలు’ వచ్చాయి. చెప్పేది పిల్లాడు, భాష నెల్లూరు యాస, విషయం డబ్బు చాలని ఒక సాయిబుల ఇల్లు. ఇట్లాంటి కథల్లో కిటుకు ఒకటే: పిల్లాడికి తెలీని సంగతి చదివేవాళ్లకు తెలుస్తుంది. ఉదాహరణకు, రంజాన్ చొక్కా మోకాళ్ల దాకా వచ్చిందని ఓ పిల్లాడు అలిగాడనుకుందాం. మనకు నవ్వొస్తుంది. వచ్చే రెండు పండగలకూ అదే చొక్కా సరిపోవాలని అబ్బా లెక్కేసుకున్నాడని తట్టగానే ఆ నవ్వు ఆగిపోతుంది.

ఖదీర్‌బాబుదే ‘న్యూ బాంబే టైలర్స్’ కథలో పోయేది మనిషి కాదు, చేతిపని. రెడీమేడ్ బట్టలొచ్చాక దర్జీకి మిగిలిందేమిటన్నది అందులో ప్రశ్న. ఇది నాటకంగా కూడా ఆడింది. కుట్టుమిషన్ మీద బతికిన కుటుంబాలకు ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు.

పక్క జిల్లా ‘జుమ్మా’

కడప జిల్లా వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథల సంపుటికి 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. జుమ్మా నమాజుకు పొమ్మని కొడుకును పోరే అమ్మ ఏ ఇంట్లో లేదు! 2007 మే 18, శుక్రవారం నాడు మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత కథలో అదే అమ్మ కొడుకును మసీదుకు పోవద్దంటుంది. ఇంతకు ముందు మనకు చిరునవ్వు తెప్పించిన పోరే ఇప్పుడు గుండె పిండేస్తుంది.

ఉర్దూలో ఖాకా

ఖాకా అంటే ఒక మనిషి గురించి మాటలతో గీసిన బొమ్మ. పోయిన స్నేహితుల మీద రాసే ఖాకాల్లో పొగడ్త కంటే చమత్కారమే ఎక్కువ ఉంటుంది. ఇందులో పెద్ద పేరు ముజ్తబా హుస్సేన్ (1936–2020). హైదరాబాద్ ‘సియాసత్’ పత్రికలో హాస్య కాలమ్ రాసే షాహిద్ సిద్దీఖీ 1962లో చనిపోతే, ఆ ఖాళీలో రాయమని ఈయన్ని కూర్చోబెట్టారు. ఒక చావుతో మొదలైన హాస్యం అది. బతికుండగానే తన మీద తానే సంస్మరణ రాసుకున్నాడాయన. 2007లో పద్మశ్రీ వచ్చింది.

ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారు?

సినిమాల్లో, నాటకాల్లో ‘సాయిబు తెలుగు’ చాన్నాళ్లుగా నవ్వులాట సరుకు. అక్కడ జనం నవ్వేది మన యాసను చూసి. ఈ కథల్లో అదే యాసలో మనమే మాట్లాడతాం, మనమే నవ్వుతాం. 2004లో స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ‘వతన్’ ముస్లిం కథల సంకలనంలో ఇట్లాంటి ఇళ్లు ఇంకా చాలా కనిపిస్తాయి.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ‘దర్గామిట్ట కతలు’తో మొదలుపెట్టండి. ఉర్దూ లిపి రాని పిల్లలకు నానీ, దాదీల చేత ముజ్తబా ఖాకాలు చదివించుకుంటే మంచిది. వాళ్ల మాటతీరు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు, వాళ్లు చదువుతుంటే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి.