న్యూస్‌గ్రూపులో తెలుగు జాబు: పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే పద్ధతికి స్థిరమైన రూపం ఏర్పడింది 1990ల తొలి ఏళ్ళలో, అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ అనే వ్యవస్థలో ఒకరికొకరు జాబులు రాసుకొనే క్రమంలో. అందువల్ల కంప్యూటర్ తెలుగు చరిత్ర రాసేవారు అచ్చుయంత్రాల కోసం తయారైన ఖతులకిచ్చిన ప్రాధాన్యాన్నే న్యూస్‌గ్రూపు జాబుకు కూడా ఇవ్వవలసి ఉంటుంది.

యూజ్‌నెట్ ఆలోచన 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకు కలిగింది. పొరుగున ఉన్న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో స్టీవ్ బెలోవిన్ దానికి తొలి ప్రోగ్రామును రాయగా, 1980 నుంచి అది విశ్వవిద్యాలయాల మధ్య నడవడం మొదలైంది. దీనికి కేంద్ర కార్యాలయమంటూ లేదు. ఒక కంప్యూటరులో రాసిన జాబు టెలిఫోను తీగ మీద పక్క కంప్యూటరుకు చేరి, అక్కడినుంచి ఆ పక్కదానికి నకలై, కొన్ని గంటల్లోనో రోజుల్లోనో వ్యవస్థ అంతటా పరుచుకొనేది. 1986లో బ్రయన్ కాంటర్, ఫిల్ లాప్స్‌లీ ప్రకటించిన ఎన్‌ఎన్‌టీపీ అనే నియమావళి ఈ ప్రయాణాన్ని టెలిఫోను తీగల నుంచి ఇంటర్నెట్టు మీదికి మళ్ళించింది. జాబులను విషయాల వారీగా విడదీసిన విభాగమే న్యూస్‌గ్రూపు. వాటిని చదవడానికీ, వాటిలో రాయడానికీ పనికివచ్చే ప్రోగ్రాము న్యూస్‌రీడరు.

1984లో లారీ వాల్ రాసిన ఆర్‌ఎన్ అనే న్యూస్‌రీడరులో జాబు రాయడం ఎలా సాగేదో కొంత దగ్గరగా చూడవలసి ఉంది, ఎందుకంటే తెలుగు పద్ధతి ఆ చట్రంలోనే రూపుదిద్దుకొంది. చదువుతున్న జాబుకు అందరూ చూసేలా బదులివ్వదలచినవారు ఎఫ్ మీట నొక్కేవారు. చిన్నబడి ఎఫ్ అయితే ఖాళీ బదులు, పెద్దబడి ఎఫ్ అయితే పాత జాబులోని ప్రతి పంక్తి ముందు ఒక గుర్తు చేరి, ఆ మాటలన్నీ కొత్త జాబులో ఉటంకింపుగా వచ్చి కూర్చునేవి. రాసినవారికి మాత్రమే ఉత్తరం పంపాలంటే ఆర్ మీట ఉండేది. కొత్త జాబు మొదలుపెట్టేవారిని ప్రోగ్రాము ముందుగా హెచ్చరించేది: ఈ జాబు వేలాది యంత్రాలకు చేరుతుందనీ, దాన్ని మోయడానికి ఇతరులకు వందల, వేల డాలర్ల ఖర్చవుతుందనీ చెప్పి, నిజంగా పంపదలచారా అని అడిగేది. ఆ తరువాత వీఐ వంటి ఎడిటరు తెరుచుకొనేది. పైభాగాన హెడర్లనే శీర్షిక పంక్తులలో గ్రూపు పేరు, విషయం వంటివి ఉండేవి. వాటి కింద ఒక ఖాళీ పంక్తి విడిచి జాబు మొదలయ్యేది. చివర నాలుగు పంక్తులకు మించకూడదని మర్యాదగా పాటించిన సంతకం. రాయడం ముగిశాక పంపాలా, మానుకోవాలా, మళ్ళీ దిద్దాలా అని మరొక ప్రశ్న వచ్చేది. ఇన్ని మెట్లు ఎక్కించి రాయించిన వ్యవస్థ రచయితకు మేలే చేసిందని చెప్పాలి.

ఈ చట్రంలో తెలుగుకు ఎదురైన అడ్డంకి లిపి. యూజ్‌నెట్ దారిలోని యంత్రాలు ఏడు బిట్ల ఆస్కీ సంకేతాలనే నమ్మకంగా మోసేవి. ఆ 128 సంకేతాలలో తెరమీద కనిపించే గుర్తులు, ఖాళీతో కలిపి, 95 మాత్రమే; ఎనిమిదో బిట్టును వాడుకొన్న అక్షరాలు మార్గమధ్యంలో చెడిపోయే ప్రమాదముండేది. సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూపు ఏర్పడి, స్కిట్ అన్న పొట్టిపేరుతో తెలుగువారి రచ్చబండగా మారినప్పటికీ, అక్కడ తెలుగు మాటను రోమన్ అక్షరాలతోనే రాయక తప్పలేదు. ఎవరికి తోచిన వరుసలో వారు రాస్తే హ్రస్వానికీ దీర్ఘానికీ, త-కారానికీ ట-కారానికీ తేడా నిలవదు. పద్యం సంగతి చెప్పనే అక్కరలేదు, గురులఘువుల లెక్కే తప్పిపోతుంది.

హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు రూపొందించిన ఆర్‌టీఎస్, అనగా రైస్ లిప్యంతరీకరణ పద్ధతి, ఈ చిక్కును తీర్చింది. ఇంగ్లీషులో వాక్యారంభానికీ పేర్లకూ మాత్రమే పనికివచ్చే పెద్దబడి అక్షరాలకు తెలుగు ధ్వనుల పనిని అప్పగించడమే దీని కీలకం. ఉదాహరణకు కాజీపేట-విజయవాడ రైలుమార్గంలో ఉన్న కేసముద్రం పేరునే తీసుకుంటే, చిన్నబడి కె తరువాత దీర్ఘం కోసం పెద్దబడి ఇ, ఆపైన ఎస్, ఎ, ఎం, యు, డి, ఆర్, ఎ అన్నీ చిన్నబడిలో రాసి, చివర సున్న కోసం పెద్దబడి ఎం పెట్టాలి. మధ్యలో డి, ఆర్ అచ్చు లేకుండా పక్కపక్కన పడడం వల్ల ‘ద్ర’ అన్న సంయుక్తాక్షరం తనంతట తానే ఏర్పడుతుంది. కేసముద్రానికి తాలూకా కేంద్రంగా ఉండి, 2016లో వరంగల్ నుంచి విడివడి జిల్లా కేంద్రమైన మహబూబాబాద్‌ను స్థానికులు మానుకోట అంటారు. ఆ పేరు రాసేటప్పుడు టి అక్షరం పెద్దబడిలో పడకపోతే కోట కాస్తా కోత అవుతుంది. వరంగల్ మాటలో చివరి ఎల్ తరువాత అచ్చు రాయకుండా వదిలేస్తే పొల్లు వస్తుంది. కొత్త గుర్తులు నేర్చుకోకుండా, ఏ న్యూస్‌రీడరులోనైనా, ఏ ఎడిటరులోనైనా రాయగలిగినది, చదివేవారి యంత్రంలో తెలుగు ఖతి లేకపోయినా కళ్ళతో చదువుకోగలిగినది కావడం దీని గొప్ప.

దీనికి జోడుగా వచ్చిన రిట్ అనే ప్రోగ్రాము అదే రోమన్ పాఠాన్ని తీసుకొని, ముక్కవిల్లి దంపతుల తెలుగు టెక్ అక్షరాల సాయంతో కాగితం మీద తెలుగు లిపిలో అచ్చువేసేది. టెక్ అనేది డొనాల్డ్ కనూత్ రూపొందించిన అక్షరకూర్పు వ్యవస్థ. న్యూస్‌గ్రూపు జాబు పుస్తకపు పుటగా మారే దారి ఈ విధంగా తెరుచుకొంది.

యూజ్‌నెట్ కాలం దీర్ఘంగా సాగలేదు. 1994 ఏప్రిల్ 12న అమెరికాలోని ఇద్దరు న్యాయవాదులు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది గ్రూపులలో ఒకేసారి కుమ్మరించినప్పుడు, పంపేముందు హెచ్చరించే ప్రోగ్రాములూ, నాలుగు పంక్తుల మర్యాదలూ ఏమీ ఆపలేవని తేలిపోయింది. వెబ్ పత్రికలూ ఈమెయిలు బృందాలూ ఎదిగేకొద్దీ స్కిట్ పలచబడింది. పద్ధతి మాత్రం గ్రూపును దాటి బతికింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసిన వెన్న నాగార్జున, ఆర్‌టీఎస్ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే పరికరాన్ని తయారుచేశారు. యూనికోడ్ అంటే ప్రపంచ లిపులలోని ప్రతి అక్షరానికీ ఒక్కో ప్రత్యేక సంఖ్యను కేటాయించే ప్రమాణం. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు అందులో చోటు దక్కింది. పద్మ ఆధారంగా వీవెన్ రూపొందించిన లేఖిని తెలుగు బ్లాగర్ల రోజువారీ పనిముట్టయింది. అక్కడ కేసముద్రం అని రాయదలచినవారు నొక్కవలసిన మీటలు, న్యూస్‌గ్రూపు వారు నొక్కినవే.

1990లలో పత్రికలు తమ సొంత ఖతులలో వెబ్‌లో పెట్టిన పాఠం, ఆ ఖతి లేని యంత్రంలో అర్థంలేని గుర్తులుగా కనిపించేది. దాన్ని చదివించడానికి ఖతికొక పట్టిక చొప్పున పద్మలో వేరుగా కూర్చవలసి వచ్చింది. స్కిట్ జాబులకు ఆ పాట్లు లేవు. వాటిలో నిలిచినవి 2001లో డెజాన్యూస్ సంచయంతో పాటు గూగుల్ చేతికి వచ్చాయి. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ యూజ్‌నెట్‌కు కొత్త జాబులు పంపే సౌకర్యాన్ని ఆపివేసినా పాతవాటిని చదువుకొనే వీలును ఉంచింది. ఆర్‌టీఎస్‌ను శ్రద్ధగా పాటించి రాసిన జాబును అక్కడినుంచి తీసి లేఖినిలో పెడితే ఒత్తులూ దీర్ఘాలూ చెదరకుండా తెలుగు లిపిలో తెరమీదికి వస్తుంది.