కలం, అచ్చు, మిల్లు: మన తీరాన గుడ్డల చరిత్ర

ఏ సరుకునైనా మూడు రకాలుగా చేయొచ్చు. అడిగినవాళ్లకు అడిగినట్టు ఒక్కొక్కటే చేయడం ఒకటి. విడతకు ఇన్ని అని ఒకే తీరుగా చేయడం రెండోది. మిషను మీద ఆపకుండా చేయడం మూడోది. ఏ పద్ధతిలో ఎవరికి ఏం మిగులుతుందో మన ప్రళయకావేరి తీరంలో జరిగిన గుడ్డల వ్యాపారం చూస్తే తెలుస్తుంది.

1610లో డచ్చివాళ్లు విజయనగర రాజు వెంకటపతిరాయల అనుమతితో పులికాట్‌లో దిగారు. 1613 నాటికి గెల్డ్రియా కోట కట్టారు. 1690 దాకా ఈ తీరంలో వాళ్ల ముఖ్య స్థావరం అదే. ఇంగ్లీషువాళ్లు 1626లో మన దుగరాజపట్నంలో కొట్టు పెట్టారు, 1639లో మద్రాసులో చోటు సంపాదించారు. అందరికీ కావాల్సింది ఇక్కడి గుడ్డలే. వాటిని తూర్పు దీవులకు తీసుకుపోయి మిరియాలు, లవంగాలు, జాజికాయలు కొనేవాళ్లు.

అప్పుడు మిషన్లు లేవు. పని అంతా ఇంటి దగ్గరే. ఆడవాళ్లు నూలు వడికేవాళ్లు, మగ్గం ఇంట్లోనే ఆడేది. అయినా విడత పని అప్పుడే ఉంది. వ్యాపారి మచ్చు గుడ్డ చూపించి, ఇంత పొడవు, ఈ రంగు, ఇన్ని తానులు అని చెప్పి దళారి చేత బయానా ఇప్పించేవాడు. మచ్చుకు తగ్గితే ధర కోసేవాళ్లు, లేదా వెనక్కి ఇచ్చేవాళ్లు. బయానా తీసుకున్న నేతగాడు వేరేవాళ్లకు అమ్ముకోవడం కష్టం. పనితనం ఆయనది, ధర చెప్పేది మాత్రం డబ్బు పెట్టినవాడు.

గుడ్డ మీద బొమ్మ వేసే పని చూస్తే మూడు పద్ధతులూ కనిపిస్తాయి. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో వేస్తారు. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమితో నల్లగీతలు గీస్తారు. ఎరుపుకు పటిక పూస్తారు. రంగు రంగుకూ ఉతకాలి, ఎండబెట్టాలి. చానా రోజుల పని, ఏ రెండు గుడ్డలూ ఒకటిగా ఉండవు. మచిలీపట్నం, పెడనల్లో చెక్క అచ్చులతో అద్దుతారు. రంగుకొక అచ్చు చెక్కించాలి కాబట్టి ముందు ఖర్చు ఉంటుంది. ఎన్ని ఎక్కువ గుడ్డలు అద్దితే అచ్చు ఖర్చు అంత పంచుకుపోతుంది. 1783లో థామస్ బెల్ అనే ఆయన బ్రిటన్‌లో చెక్కిన రాగి రోలరుతో అద్దే మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. మిషనుకు పెట్టుబడి చాలా పెద్దది, గజానికి పడే ఖర్చు మాత్రం చాలా తక్కువ.

1700ల చివరికి స్కాట్లాండులో గ్లాస్గో వైపు గళ్ల చేతిరుమాళ్లు నేసి వాటిని 'పుల్లికేట్' అనే పేరుతోనే అమ్మారు. మన ఊరి పేరు, మన గళ్లు, లాభం వాళ్లది. తర్వాత మిల్లు గుడ్డ చవగ్గా వచ్చిపడి ఎన్నో మగ్గాలు ఆగిపోయాయి. కలం పని కూడా ఆరిపోయే దశకు వచ్చింది. 1950లలో కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలై మళ్లీ నిలబడింది. ఇప్పుడు దానికి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు వేరేవాళ్లు వాడుకోకూడదు.

మన పనులకు దీన్ని సరిపోల్చుకుందాం. జాకెట్టు మీద మగ్గం వర్కు కలం పని లాంటిది. అక్కడ చవక కోసం పోటీ పడితే మనకే నష్టం, చేసిన గంటలు లెక్కేసి ధర చెప్పాలి. రొయ్యల పచ్చడి, ఎండుచేపల ప్యాకెట్లు విడత పని. ప్రతి విడతలో రుచి, ఉప్పు, తూకం ఒకటే ఉండాలి. తేడా వస్తే సరుకు వెనక్కి వస్తుంది. మిషను కొనాలనుకునే సంఘం మాత్రం నెలకు ఎంత సరుకు అమ్ముడుపోతుందో ముందు చూసుకోవాలి. సరుకు అమ్మినా అమ్మకపోయినా కిస్తీ కట్టాల్సిందే.

ఏ పద్ధతిలో చేసినా ముడిసరుకు డబ్బు ఎవరిదో అడగండి. వ్యాపారి బయానాతో మొదలుపెడితే ధర ఆయన చెబుతాడు. మన పొదుపు, బ్యాంకు లింకేజీ అప్పుతో మొదలుపెడితే బేరం ఆడే వీలు మనకుంటుంది. వచ్చే సమావేశానికి ప్రతి సంఘమూ తన సరుకు ఏ పద్ధతిదో, ఒక్కోదానికి పడే ఖర్చెంతో, పెట్టుబడి ఎవరిదో పుస్తకంలో రాసుకుని రావాలని కోరుతున్నాం. తన పేరు మీద అమ్మే సరుకున్న సంఘం ఆ పేరు, లేబులు కూడా తీసుకురావాలి. వాటిని రిజిస్టరు చేయించే విషయం అక్కడే మాట్లాడుకుందాం.