చెరువు నిండా జిలేబీలే, కొర్రమీను ఏదండీ?

రైతన్నలూ, మన నర్సీపట్నం వైపు జిలేబీ అనే తిలాపియా మన చేప కాదండి. ఆఫ్రికాది. చవకగా చేప దొరుకుతుందని 1952లో శ్రీలంక నుంచి మన దేశానికి తెచ్చారు. ఏడాదిలో చాలాసార్లు పిల్లలు పెడుతుంది, వాటిని తల్లి నోట్లో దాచుకుంటుంది. చెరువు నిండిపోయి, మేత చాలక, ఏ చేపా ఎదగదు. 1959లోనే పెంపకం వద్దన్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

దాని పిల్లల్ని తినేది మన కొర్రమీను. ధర ఎక్కువని మనం వెతికేదీ దాన్నే! వానాకాలంలో గట్టువార ఎర్రటి పిల్లల గుంపు తేలితే, కింద తల్లో తండ్రో కాపలా ఉన్నట్టే. అప్పుడు కప్పను గుచ్చి గాలం వేస్తే మీదపడి కరుస్తుంది. దాన్ని తీశామా, పిల్లలు జిలేబీలకు మేతే.

కొర్రమీను పట్టండి, తప్పులేదు. పిల్లలతో ఉన్నదాన్ని మాత్రం వదిలేయండి.